రంగు వద్దన్న మేస్త్రి

మా ఆయన రంగుల మేస్త్రి. ఇళ్ళకు కాదు, బండ్లకు. గీత పడిన తలుపు, గుద్దించుకున్న బంపరు, ఎవరో మేకుతో పేరు చెక్కిన బానెట్టు, ఇవన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. కంపెనీ పుస్తకంలో ప్రతి రంగుకూ ఒక నంబరు ఉంటుంది. ఆ లెక్క ప్రకారం కలిపితే కొత్త బండి రంగు వస్తుంది. నాలుగేళ్ళు ఎండలో నిలబడ్డ బండి రంగు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. దాన్ని కంటితో పట్టాలి. మా ఆయన పట్టేవాడు. అతుకు ఎక్కడుందో బండి సొంతదారు కూడా వేలు పెట్టి చూపించలేకపోయేవాడు. అందుకే అందరూ ఆయన్ని ‘కన్ను మేస్త్రి’ అనేవారు. ఆ పిలుపు వినబడితే లోలోపల పొంగిపోతూ పైకి ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను, ఆ మాత్రం తెలియదా నాకు.

ఆ కన్ను రెండేళ్ళ క్రితం పోయింది. చూపు పోలేదు. సూదిలో దారం ఇప్పటికీ ఎక్కిస్తాడు. పోయింది రంగులు. ఒక నీలం వ్యానుకు తలుపు రంగు వేసి బయట ఎండలోకి తోసినప్పుడు దాని సొంతదారు, “ఇదేంటి మేస్త్రీ, బండి నీలం, తలుపు ఆకుపచ్చా?” అని నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి తిట్టాడు. మా ఆయన ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి నా వైపు తిరిగి, “ఏమే, తేడా ఉందా?” అని అడిగాడు.

కళ్ళ డాక్టరు ఏవేవో చుక్కల బొమ్మలు చూపించి, నరం దెబ్బతిన్నదని, మనుషులూ వస్తువులూ కనిపిస్తాయి గానీ రంగులు ఇక రావని చెప్పాడు. ఎన్నేళ్ళ నుంచి థిన్నరు పీలుస్తున్నారని అడిగాడు. అక్కడే ఒంటికాలి మీద లేచాను. మాస్కు పెట్టుకోండి మొర్రో అని నేను అరిచిన అరుపులకు షెడ్డు రేకులు ఎగిరిపోవలసింది. పెట్టుకున్నాడా? మాస్కు ఉంటే రంగు వాసన తెలియదట మహానుభావుడికి. నేను అన్ని మాటలంటున్నా ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక్కటే మాట అన్నాడు, ఇంట్లో పాలు ఉన్నాయా అని. నేనూ ఏడవలేదు. ఏడుపు వచ్చే దారిలో ఎక్కడో ఇరుక్కుపోయింది, ఇప్పటికీ రాలేదు.

అప్పటి నుంచి రంగు కలిపేది నేను, కొట్టేది ఆయన. ఎవరికీ చెప్పలేదు. పరీక్ష అట్టముక్క మీద రంగు కొట్టి, ఆరబెట్టి, ఆయన అందరి ముందూ బండికి ఆనించి చూసేవాడు. నేను వెనక నిలబడి, కుదిరితే ఒకసారి, కుదరకపోతే రెండుసార్లు దగ్గేదాన్ని. మేస్త్రి భార్యకు దగ్గు తగ్గడం లేదని పాపం వచ్చినవాళ్ళందరూ మందులు చెప్పేవారు. ఆ మందులన్నీ విని తల ఊపడం ఒక అదనపు చాకిరీ.

ఇలా ఎన్నాళ్ళో జరిగేదేమో గానీ, ఆయన రోజురోజుకీ ముడుచుకుపోతున్నాడు. తినమంటే తింటాడు, రంగు కొట్టమంటే కొడతాడు. నెలకోసారి మాత్రం, “షెడ్డు ఎవరికైనా ఇచ్చేద్దామే,” అంటాడు. నా భయమంతా ఆ మాటే. షెడ్డు పోతే ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటాడు, మళ్ళీ ఇటు తిరగడు.

ఆ రోజుల్లోనే మా పక్క ఖాళీ స్థలంలో కరెంటు బండ్లకు చార్జింగు పెట్టే స్తంభాలు నాటారు. ప్రతి ఆదివారం పొద్దున అక్కడికి మూడు పికప్ బండ్లు వచ్చేవి. మూడూ ఒకే రకం. ఎక్కడా వంపు లేదు, అన్నీ మూలలే, ఒంటి మీద రంగన్నదే లేదు. వట్టి ఉక్కు రేకు. మొదటిసారి చూసి, ఎవరో పని మధ్యలో వదిలేసిన బండిని తోలుకొచ్చేశారనుకున్నాను. చార్జింగు ఎక్కేదాకా ఆ ముగ్గురూ మా షెడ్డు బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ పోట్లాడుకునేవారు. ఒకాయన వకీలు, ఒకావిడ పళ్ళ డాక్టరు, మూడో ఆయన మొక్కల నర్సరీ నడుపుతాడు.

“ముట్టుకుంటే చాలు, వేలిముద్ర పడిపోతుంది,” అనేది డాక్టరమ్మ. “రోజంతా పేషెంట్ల పళ్ళు తోమి, ఇంటికొచ్చి దీన్ని తోమాలి. వానొస్తే మరకలు, మంచు పడితే మరకలు. మొన్న తుప్పు చుక్కలు కూడా చూశాను.”

“తుప్పు కాదమ్మా, పైన పడ్డ దుమ్ము. తుడిస్తే పోతుంది,” అనేవాడు వకీలు. ఆ బండిని ఎవరైనా ఒక మాటంటే ఆయనకు కన్నకూతుర్ని అన్నట్టు ఉండేది. “రంగు వేస్తే అది అందరి బండిలాగే అవుతుంది. ఇది ఇది కాబట్టే కొన్నాం.”

“కొన్నాం, కొన్న ఆర్నెల్లకే ధర తగ్గించేశారు. తర్వాత కొన్నవాడు నన్ను చూసి నవ్వుతున్నాడు,” అనేది డాక్టరమ్మ.

“అది ముందుగా కొన్న గౌరవం.”

“ఆ గౌరవానికి నెలనెలా కిస్తీ కడుతున్నది నేనండీ.”

నర్సరీ ఆయనకు ఈ గొడవేమీ పట్టదు. ఎరువు బస్తాలు వేసుకుని తిరుగుతాడు. “చూసేవాళ్ళు ఉన్నారుగా, అది చాలు నాకు. ఫోటో దిగడానికి ఆగినవాడు మొహమాటానికైనా ఒక మొక్క కొంటాడు. నిన్న ఒక చిన్నపిల్ల వకీలుగారి బండి చూసి ఫ్రిజ్ అనుకుని, లోపల ఐస్‌క్రీం ఉందా అంకుల్ అని అడిగింది,” అని పగలబడి నవ్వేవాడు. వకీలు ముఖం మాడ్చుకునేవాడు.

ఒక ఆదివారం డాక్టరమ్మ సంచిలోంచి అరచేతంత మూత తీసింది. వాళ్ళ నాన్న పాత వ్యానుది, పెట్రోలు ట్యాంకు మూత. ఆయన పోయాక బండిని తుక్కుకు వేశారట, ఇదొక్కటీ ఆవిడ దాచుకుంది. వెలిసిపోయిన ఆకుపచ్చ. “మేస్త్రిగారూ, నా బండి మొత్తం ఈ రంగు కావాలి. మీరొక్కరే పట్టగలరని అందరూ చెప్పారు.”

వకీలు లేచి నిలబడ్డాడు. “ఉక్కు మీద రంగు ఊరికే పట్టదు. గరుకు కాగితంతో అంతా రుద్దాలి. ఒకసారి రుద్దాక మళ్ళీ అసలు మెరుపు జన్మకు రాదు. మేస్త్రీ, నువ్వే తీర్పు చెప్పు. దీనికి రంగు వెయ్యాలా, వద్దా?”

మా ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచెయ్యి రేకు మీద ఆనించి, తీసి, పడిన ముద్రను చూశాడు. “దీనికి రంగు వద్దు,” అన్నాడు.

వకీలు ఆనందం చెప్పనలవి కాదు. ముప్పై ఏళ్ళు రంగుల్లో బతికిన మేస్త్రే వద్దన్నాడని అప్పటికప్పుడు సొంతదార్ల వాట్సాప్ గుంపులో పెట్టేశాడు. డాక్టరమ్మ మూత సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే ఎత్తుకున్నాను. “పట్టలేమని భయమేగా? నేను లేనా? చచ్చిపోయానా?” ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఈ రోజు ఈ పని వద్దన్నాడు, రేపు షెడ్డే వద్దంటాడని నా లెక్క. మర్నాడు ఆయనకు చెప్పకుండా డాక్టరమ్మకు ఫోన్ చేసి, మూత తెమ్మన్నాను.

ఆ ఆకుపచ్చ నన్ను నాలుగు రోజులు తిప్పలు పెట్టింది. పసుపు ఒక చుక్క పడితే ఎక్కువయ్యేది, నలుపు పడితే చచ్చిపోయేది. పది అట్టముక్కలు పారేశాను. పదకొండోదాన్ని ఎండలో మూత పక్కన పెడితే, మూత అంచు ఎక్కడుందో నాకే తెలియలేదు. నాకు గర్వంగా ఉంది, అబద్ధమెందుకు. జీవితంలో మొదటిసారి, ఇది నేను చేశాను అనిపించింది. పరుగున వెళ్ళి, పాత అలవాటు కొద్దీ, మా ఆయన ముందు పెట్టాను.

ఆయన మూత చూశాడు, అట్ట చూశాడు. పారేసిన మొదటి అట్ట కూడా తీసి చూశాడు. “ఇదీ అలాగే ఉందిగా,” అన్నాడు. పక్కన డబ్బాలో కలిపి ఉంచిన రంగు చూసి, డాక్టరమ్మ పని నేను ఒప్పుకున్నానని అప్పుడు అర్థమైంది ఆయనకు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. “ఒప్పుకున్నావా? సరే,” అన్నాడంతే.

బండి వచ్చింది. తలుపుల సందులకూ అద్దాలకూ కాగితం అంటించాం. రుద్దడం మొదలుపెట్టే ముందు ఆయన గరుకు కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. నాకు విసుగొచ్చింది.

“ఏవండీ, ఇంకా ఏమాలోచిస్తున్నారు?”

“ఏం లేదు,” అన్నాడు. తర్వాత, నా వైపు చూడకుండానే, “రోడ్డు మీద అన్ని బండ్లూ నాకు ఒక రకంగా కనిపిస్తాయి, మీకు ఇంకో రకంగా కనిపిస్తాయి. ఇదొక్కటే మీ అందరికీ ఎలా ఉందో నాకూ అలాగే ఉంది. అందుకే వద్దన్నాను,” అన్నాడు.

వారం రోజులుగా పిరికివాడని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను ఆయన్ని. ఒక్కసారైనా ఎందుకు వద్దన్నారని నెమ్మదిగా అడిగిన పాపాన పోలేదు. “వద్దులెండి. డాక్టరమ్మకు నేను చెప్పుకుంటాను,” అన్నాను.

“మాటిచ్చావుగా,” అని వంగి, వెనక తలుపు మూల నుంచి రుద్దడం మొదలుపెట్టాడు.

రెండు రోజులు రుద్దాడు. ప్రైమరు కొట్టాడు. ఈసారి నేను చెప్పకుండానే మాస్కు పెట్టుకున్నాడు. రంగు మూడు పూతలు వేశాడు, ఒక్క చోటా జారలేదు, ఒక్క చోటా పలచబడలేదు. ఆ చేతికి మాత్రం ఏమీ కాలేదు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. డాక్టరమ్మ మూతను బండికి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించింది. కళ్ళు తుడుచుకుంది. “కన్ను మేస్త్రి అని ఊరికే అనరు,” అంది.

“కన్ను ఈవిడది. చెయ్యి ఒక్కటే నాది. నాకు రెండేళ్ళుగా రంగులు కనిపించవు,” అన్నాడు మా ఆయన, టీ గ్లాసు పక్కన పెడుతూ.

ముందు నర్సరీ ఆయన నవ్వాడు. వకీలు కూడా నవ్వాడు. “పెళ్ళాన్ని నెత్తిన పెట్టుకోవడమంటే ఇదీ! అక్కా, వింటున్నావా?” అన్నాడు నర్సరీ ఆయన. డాక్టరమ్మ కూడా నవ్వింది. రెండేళ్ళు దగ్గి దగ్గి దాచిన సంగతి ఆయన నోటితోనే చెప్పేస్తే ఒక్కరూ నమ్మలేదు. ఆయన కూడా మళ్ళీ చెప్పలేదు. వాళ్ళు ఎప్పటిలాగే, రంగు వేశాక బండి ధర పెరిగిందా తగ్గిందా అని పోట్లాటలో పడ్డారు.

షెడ్డు ఇచ్చేద్దామన్న మాట తర్వాత మళ్ళీ రాలేదు. సంతోషించాలో వద్దో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. ఆయన పని చేస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ప్రతి ఆదివారం మాత్రం ఎవరూ అడగకుండానే మెత్తటి గుడ్డ తీసుకుని వకీలు బండి తుడుస్తాడు. తన పక్షానికి మేస్త్రి వచ్చేశాడని వకీలుకు ఒకటే సంబరం.

పోయిన ఆదివారం నేనూ ఒక గుడ్డ తీసుకుని వెళ్ళాను. అటు తలుపు ఆయన, ఇటు తలుపు నేను తుడిచాం. అయ్యాక ఇద్దరం వెనక్కి వచ్చి నిలబడ్డాం. “ఎలా ఉంది?” అన్నాడు. ఆ నీలం వ్యాను తర్వాత, ఒక బండి చూపించి నన్ను అడగడం ఇదే మొదలు.

“బూడిద రంగుగా ఉంది,” అన్నాను.

“ఆ,” అన్నాడు. “నాకూ అంతే.”