గడ్డి కోయనివ్వని శ్రీరామ్మూర్తి

శ్రీరామ్మూర్తికి తాగుడు లేదు, పేకాట లేదు, గడ్డి ఉంది. కంచరపాలెంలో తన ఇంటి ముందు మొలిచిన గడ్డిపోచని పీకనివ్వడు, కోయనివ్వడు, మేకని కన్నెత్తి చూడనివ్వడు.

ఆటోనగర్‌లో కార్లకి రంగులేసే షెడ్డు ఆయనది. సాయంత్రం ఇంటికి రాగానే బట్టలైనా మార్చకుండా గడ్డిలో బోర్లా పడుకుంటాడు. మొదట్లో దారినపోయేవాళ్ళు కళ్ళు తిరిగి పడ్డాడనుకుని సోడా తెచ్చేవారు.

“ఏటి సేత్తన్నావయ్యా?” అని భార్య ధనలక్ష్మి నెత్తి కొట్టుకునేది.

“ష్! సీతాకోకసిలక గుడ్డెట్టిందే!”

ఆ సీతాకోకచిలుకైనా చూడముచ్చటగా ఉంటుందా? గోరంత ఉంటుంది, టీ మరకలా ఉంటుంది. తిన్నగా ఎగరదు, గతుకుల రోడ్డు మీద ఆటోలా గెంతుతుంది. దాని గొంగళిపురుగు గడ్డాకుని మడిచి, నోట్లోంచి దారం తీసి కుట్టుకుని, ఆ గొట్టంలో కాపురం పెడుతుంది.

“రెట్ట ఇంట్లో ఉంచదు బావా! వాసన పట్టి కందిరీగలొత్తాయని దూరంగా ఇసిరేత్తాది. మన వీధిలో ఇంత శుభ్రం ఎవులికుంది?” అని పెళ్ళి భోజనాల్లో చెప్పేవాడు. పక్కనున్నవాళ్ళు విస్తరాకులు పట్టుకుని లేచిపోయేవారు.

కూతురు నాగశ్రీ పెళ్ళిచూపులకి ఆనందపురం నుంచి జనం వస్తున్నారనేసరికి ధనలక్ష్మి ఓపిక అయిపోయింది. పెళ్ళివారొచ్చే వాకిట్లో అడవా! మొగుడు షెడ్డుకెళ్ళగానే గడ్డి కోసే అప్పలసూరిని పిలిచింది. అతను కొడవలి ఎత్తాడో లేదో,

“ఆగరా సూరీ! సెయ్యి ఇరగ్గొడతాను!”

పక్కింటి వసారాలో గోడ పట్టుకుని కాశమ్మ! తుంటి విరిగి, ఆపరేషనై, డాక్టర్లు నడవమని బతిమాలినా మంచం దిగని కాశమ్మ!

“పిన్నీ, నువ్వు నడిసీసేవా!” ధనలక్ష్మి నోరు తెరిచింది.

“నడవక ఏటి సెయ్యను? నీ మొగుడు పెయింటు డబ్బాలో గడ్డేసి, అందులో పురుగునెట్టి, ‘పిన్నీ, దీన్ని నువ్వే సూసుకోవాల’న్నాడు. సరేనన్నాను. ఆ డబ్బా ఓ సోట ఉంచడే! ఓ వారం మంచం కాడ, ఓ వారం కిటికీ కాడ, ఇప్పుడు వసారాలో! మతిలేని మనిషి! గడ్డి ఎండిపోతే పురుగు సచ్చిపోద్దని నానే పోయి నీళ్ళు జల్లుతన్నాను. అది గూడు కట్టి, రెక్కలొచ్చి, పొద్దున్నే మీ గడ్డిలోకి ఎగిరింది. ఇప్పుడు మీరు కోసీత్తే నా సిలక గుడ్లెక్కడెడతాది?”

ధనలక్ష్మి అప్పలసూరికి టీ ఇచ్చి పంపేసింది.

సాయంత్రం మొగుణ్ణి నిలదీసింది. “డబ్బా ఎందుకు జరుపుతన్నావో నాకైనా ముందే సెప్పొచ్చుగా?”

“నీకు సెప్తే వీధంతా సెప్తావు. పిన్నికి తెలిసిందంటే అలిగి మల్లీ మంచమెక్కేత్తాది.” శ్రీరామ్మూర్తి భయంభయంగా వాకిట్లోకి చూశాడు. “మరి, పెళ్ళోరు?”

“ఆళ్ళని మేడ మీద కూకోబెడదాం. నువ్వు ముందు ఇంకో పురుగుని ఎతుకు. ఈసారి డబ్బా వీధి గుమ్మం కాడ ఎట్టు.”