'కింద' ఎక్కడ నిలబడాలి

"మూడు మాటలూ సరైనవే. ఒక్కటీ తప్పు కాదు. అయినా పెట్టె నా మీదకి దిగింది" అన్నాడు బావ, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

రేవులో అతన్ని అందరూ బావ అనే పిలుస్తారు. నిజానికి ఆ హక్కు ఒక్కడికే ఉంది, అతని భార్య తమ్ముడికి. ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఓడల్లోంచి దిగే లారీ అంత ఇనప పెట్టెల దగ్గర పని. మేం కూర్చున్న రెస్ట్ రూమ్ కిటికీలోంచి క్రేన్ కాళ్ళు కనిపిస్తున్నాయి. గోడ మేకుకి ముక్కు అణిగిపోయిన ఒంటి బూటు వేలాడుతోంది. ఇదేమిటని అడిగినందుకే ఈ కథ మొదలైంది.

ఆ రోజు పెట్టె తలెత్తున గాలిలో ఆగి ఉంది. కింద పక్కకి జరిగిన చెక్క దిమ్మని సరిచేద్దామని బావ వంగి లోపలికి దూరాడు. వాకీటాకీ బావమరిది చేతిలో ఉంది. పైన క్యాబిన్లో కూర్చున్న ఆపరేటర్‌కి మన భాష రాదు, ఇంగ్లీషే దిక్కు. 'పెట్టె కింద మనిషి' అని చెప్పాలి. బావమరిది మాటకి మాట మార్చి "బాక్స్ అండర్ మేన్" అన్నాడు.

"దాంతో ఆపరేటర్‌కి ఏమర్థమైందంటావ్? మనిషి పైనున్నాడు, పెట్టె అతని కింద ఉందని. పాపం, నేనెక్కడ పడిపోతానోనని మెల్లగా, జాగ్రత్తగా దించాడు. నా మీదకే."

నవ్వు కనబడకుండా నా టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

"నవ్వు, ఫర్వాలేదు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, మా తమ్ముడు ఊరికే దింపించడు, మీరేదో అనే ఉంటారని."

బావ దొర్లి బయటపడ్డాడు. బూటు ముక్కు మాత్రం దొరికిపోయింది. ఆ సాయంత్రమే బావమరిది వాకీటాకీ ఆఫీసులో అప్పగించేసి తాళ్ళు బిగించే పనికి వెళ్ళిపోయాడు. ఎవరెంత చెప్పినా మళ్ళీ ముట్టుకోలేదు. బావని బాధించింది బూటు కాదు, అతను అలా నోరు కట్టేసుకోవడం. తప్పెక్కడుందో చూపిస్తే తప్ప ఆ నోరు విప్పుకోదని తెలుసు. అందుకే బడి గేటు దాటాక మళ్ళీ తాకని ఇంగ్లీషు వ్యాకరణం ముందేసుకు కూర్చున్నాడు.

పుస్తకంలో ఆ భాషాభాగాల పేర్లు చూసి మొదట బెదిరాడట. తర్వాత వాటిని ఒక్కొక్కటే రేవులోకి దించుకున్నాడు. కొక్కేనికి తగిలించగలిగేదల్లా నౌన్. క్రేన్ చేసే పని వెర్బ్. 'ఎర్ర పెట్టె'లో ఎర్ర అడ్జెక్టివ్, 'మెల్లగా దించు'లో మెల్లగా యాడ్వెర్బ్. పేరుకి బదులు డ్యూటీకొచ్చేది ప్రొనౌన్. రెండు పెట్టెల్ని కలిపి పట్టుకునే బిగింపు కంజంక్షన్.

"ఇంటర్జెక్షన్ నాకు ముందే వచ్చు. పెట్టె దిగిన రోజు నా నోట్లోంచి వచ్చిందంతా అదే. ఏమన్నానో మా ఆవిడకి చెప్పలేదు."

చిక్కంతా ప్రిపొజిషన్ దగ్గరే వచ్చింది.

"మన 'కింద' పేరు వెనక నడుస్తుంది. 'మీద', 'వెనక', 'లో', అన్నీ అంతే. వాళ్ళది పేరుకి ముందు నడుస్తుంది. ముందు నడవాల్సినదాన్ని వెనక్కి పంపితే అటు పక్కవాడి చెయ్యి పట్టుకుంటుంది. ఆ రోజు పెట్టె చెయ్యి వదిలేసి నా చెయ్యి పట్టుకుంది."

అది తెలిశాక అట్ట ముక్కల మీద మాటలు రాసి, భోజనాల వేళ ముగ్గుర్ని వరసగా నిలబెట్టాడు. బాక్స్ ఒకరికి, మేన్ ఒకరికి, మధ్యలో అండర్ బావమరిదికి.

"జరుగు" అన్నాడు.

"ఎక్కడికి బావా?"

"పెట్టెకి ముందుకి. నీ చోటు ఎప్పుడూ అదే."

అతను జరిగాడు. ఒంటరిగా చివర మిగిలిన మేన్ తనంతట తనే వెళ్ళి వరస మొదట్లో నిలబడ్డాడు. మేన్, అండర్, బాక్స్. బావమరిది చేతిలో అట్ట వంక చూసుకున్నాడు.

"అంటే బావా, నాకు మాటలు రాక కాదన్నమాట."

"మాటలొచ్చు. వరసే తెలీదు. బావని పట్టుకుని పెట్టె కింద పెట్టినవాడివి, నీకు వరసలేం తెలుస్తాయి."

అంతా గొల్లుమన్నారు. బావమరిది కూడా నవ్వాడు. మర్నాడు తనే వెళ్ళి వాకీటాకీ పరీక్షకి పేరిచ్చాడు.

ఈ ఉదయమే అందులో నెగ్గాడు. ఇది అతని మొదటి షిఫ్టు. అందుకే బావ టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, బల్ల మీది వాకీటాకీకి చెవి అప్పగించి కూర్చున్నాడు.

అది గరగరలాడింది. తొణకని గొంతు ఒకటి వినిపించింది.

"మేన్ బిహైండ్ ద బాక్స్. స్టాప్."

కిటికీలోంచి చూశాం. పెట్టె గాలిలో ఆగిపోయింది. దాని వెనక నుంచి లారీ డ్రైవర్ ఒకడు తల గోక్కుంటూ బయటికొచ్చాడు.

బావ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"నేను నిలబెట్టి చూపించింది అండర్‌నే. బిహైండ్‌ని వాడే నిలబెట్టుకున్నాడు" అన్నాడు. ఆ ముఖం చూస్తే ఆ క్రేన్ తనే కట్టించాడేమో అనిపిస్తుంది.

నేను లేచాను.

"వెళ్తూ వెళ్తూ మావాడి దగ్గర ఆగి, బాగా చెప్పావని ఒక్క మాట అను."

"నువ్వే అనొచ్చుగా బావా."

"నేనంటే నెత్తికెక్కుతాడు. ఇంట్లో వాళ్ళక్క ఎక్కింది చాలు. నా పేరెత్తకు. 'ఎవరో' అన్నారని చెప్పు. ప్రొనౌన్‌కి డ్యూటీ వెయ్యి."