రోడ్డు వైపు కిటికీ

గుడివాడలో మా ఇల్లు బందరు రోడ్డు మీదే ఉండేది. మా తాత కట్టించిన రోజుల్లో ఆ దారిన ఎడ్లబళ్ళు తప్ప నడిచేవి కావట. నాకు ఉద్యోగం వచ్చి పెళ్ళయ్యేసరికి రోడ్డుకు తారు పడింది, బస్సులు పెరిగాయి. ధాన్యం లారీలు సరిగ్గా మా ఇంటి ముందు మలుపులో గేరు మార్చేవి. ఆ మోతకి పాత కిటికీ రెక్కలు టకటకా కొట్టుకునేవి. వాటి మధ్య వేలు పట్టేంత సందు.

నన్ను పెంచింది మా మేనత్త. నా పసితనంలో అమ్మ పోతే, దివిసీమలో భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన ఆవిడే నన్ను ఒళ్ళోకి తీసుకుంది. నేను చెప్పే నాటికి ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. పొద్దస్తమానం రోడ్డు వైపు కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చునేది. "బందరు బస్సు వచ్చిందమ్మాయ్, అన్నం వార్చు" అని నా భార్యకి చెప్పేది. మా ఇంట్లో గడియారం అదే.

రోజూ పొద్దున్నే ఆకుకూరలావిడ వచ్చేది. గంప అరుగు మీద దించి, కిటికీ ఊచల్లోంచి "అక్కగారూ" అని పిలిచేది.

"ఏం తెచ్చావే చెల్లీ?"

"చుక్కకూరండి. నిన్న మీ కోడలుగారు ముదురని వంక పెట్టారుగా, ఇవాళ లేతది తెచ్చా. దీనికీ వంక పెడితే ఈ గంపే వండుకోమనండి."

అత్త పకపకా నవ్వేది. కూర కొనడం క్షణంలో అయిపోయేది, కబుర్లు మాత్రం తెమిలేవి కావు. ఎవరింట్లో పిల్లాడు పుట్టాడో, కాలవకి నీళ్ళు ఎప్పుడు ఆపేస్తారో, ఊరి సంగతులన్నీ ఆ ఊచల్లోంచే అత్త దగ్గరికి వచ్చేవి.

ఒకసారి పని మీద బందరు వెళ్ళి ఒక ప్లీడరుగారింట్లో కూర్చున్నాను. ఆయన కిటికీలకి బయట చెక్క తలుపులు, లోపల అద్దాల చట్రాలు. అంచుల చుట్టూ నవారు పట్టీ మేకులతో బిగించి ఉంది. ఆ గదిలో వీధి ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. ఇంటికి వచ్చి, ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చుకుంటాను, మోతకి తలనొప్పి వస్తోంది అని నా భార్యతో అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ ఇంటి దర్జా కూడా నా మనసులో ఉంది.

రోడ్డు వైపు కిటికీకి లోపల అలాంటి అద్దాల చట్రమే కదలకుండా బిగించమని ముదినేపల్లి నుంచి వడ్రంగిని పిలిపించాను. అతను కొలతలు తీసుకుని, "ఇది పెద్దమ్మగారు కూర్చునే చోటు కదండీ. అడుగున చిన్న రెక్క తెరుచుకునేట్టు పెట్టనా?" అన్నాడు.

"వద్దు. మోతంతా అందులోంచే వస్తుంది. గాలికి పెరటి కిటికీలున్నాయి" అన్నాను.

అత్త అక్కడే ఉంది. నేను ఆవిడని అడగలేదు. "ఇక దుమ్ము రాదులే అత్తా" అన్నాను.

"నీకు నిద్ర పడితే అంతే చాలు నాయనా" అంది.

చట్రం బిగించాక నిద్ర బాగానే పట్టింది. అత్త మాత్రం "బస్సు వచ్చిందా అమ్మాయ్?" అని అడగడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి నాతో, "ఆకుకూరలావిడ రావడం మానేసింది. ఒంట్లో బాగాలేదేమో, కాస్త కనుక్కో" అంది. అలాగేనన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అలాగేనన్నాను.

చివరికి బజార్లో ఆవిడే కనిపించింది.

"అక్కగారు కులాసాయేనా అండి? పిలిచి పిలిచి ఊరుకున్నా. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నా."

"అదేం లేదు" అన్నాను. కిటికీ సంగతి చెప్పలేదు.

"కృత్తివెన్నులో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నానండి. మోకాళ్ళు లేవట్లేదు. వెళ్ళేముందు ఒకసారి కనపడి పోతాను."

"రా" అన్నాను.

ఇంటికి వచ్చి అత్తకి చెప్పలేదు. చెబితే, మరి పిలిస్తే నాకెందుకు వినపడలేదని అడుగుతుంది. ఆదివారం చట్రం తీయించేసి అప్పుడు చెబుదామనుకున్నాను.

ఆదివారం ఇంకా రాలేదు. ఆలోపే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అరుగు మీద, కిటికీ కింద, చుక్కకూర కట్ట ఒకటి వాడిపోయి ఉంది. పొద్దున నా భార్య వీధి తలుపు గడియ వేసుకుని పెరట్లో బట్టలు ఉతుకుతోందట. తలుపు కొట్టి పిలవడం ఆకుకూరలావిడకి అలవాటు లేదు. ఆవిడ ఎరిగింది కిటికీయే. అద్దానికి ఇవతల, చేయి చాపితే అందేంత దూరంలో, అత్త పీట మీదే కూర్చుని ఉంది.

కట్ట తెచ్చి అత్త చేతిలో పెట్టి, దాచిందంతా చెప్పాను. ఆకుల్ని వేళ్ళతో తడిమింది.

"లేతదే తెచ్చింది" అంది. కట్ట ఒళ్ళో పెట్టుకుని, "ఎన్నిసార్లు పిలిచిందో" అంది.

"కృత్తివెన్ను వెళ్ళి తీసుకొస్తానత్తా."

"ఏమని వెతుకుతావు? దాని పేరు తెలుసా నీకు?"

నాకు తెలియదు.

"నాకూ తెలియదురా. చెల్లీ అనేదాన్ని" అంది.

వాడిన కూరనే పప్పులో వేయమని నా భార్యకి చెప్పి తనూ వెంట వెళ్ళింది. వాళ్ళు వంటింట్లో ఉండగా నేనే మేకులు పీకి చట్రం ఊడదీశాను. తొందరలో ఒక అద్దం పగిలింది. లారీల మోత మళ్ళీ గదిలోకి వచ్చింది.

మర్నాడు నేను లేచేసరికి అత్త కిటికీ దగ్గరే ఉంది. వీధిలో ఎవరో గోంగూర అని కేకేసుకుంటూ వస్తున్నారు. అత్త చటుక్కున తల అటు తిప్పింది. గొంతు విని, మళ్ళీ తల దించుకుంది.