కొమరోలు బస్సు ఆగే రాళ్లు

బస్సు రాక ముందు కొమరోలు నుంచి గిద్దలూరు రైలుస్టేషనుకు ఎద్దుల బండ్లే దిక్కు. పొద్దుటి రైలు అందుకోవాలంటే ముందురోజే బయలుదేరి, స్టేషను బయట పడుకోవాలి. గిద్దలూరులో సైకిళ్ల దుకాణం నడిపే ఒక సాయిబు, మా నాయన స్నేహితుడు, ఒక పాత బస్సు కొని ఆ దారిలో వేశాడు. నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి.

బస్సు ఎక్కడ ఆగాలన్నదానికి మామ ఒక పద్ధతి పెట్టాడు. నాలుగు ఇళ్లవాళ్లు కలిసి రోడ్డు పక్కన కంప కొట్టి, ఒక నాపరాయి నిలబెడితే అక్కడ బస్సు ఆగుతుంది. మా వైపు నాపరాళ్లకు కొదవ లేదు. ఇంటి కప్పులూ, పశువుల కొట్టాలూ, పొలం హద్దులూ అన్నీ వాటితోనే. కొన్నాళ్లకు దారి పొడవునా రాళ్లు లేచాయి. పెట్రోలు దొరికినన్ని రోజులు దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

యుద్ధం వచ్చి పెట్రోలు కరువైంది. మామ బస్సు వెనక బొగ్గు గ్యాసు ప్లాంటు బిగించాడు. నేను మద్రాసులో ఇంజనీరింగు డిప్లొమా ముగించుకుని, ఉద్యోగం ఉత్తర్వు కోసం ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న రోజులవి. బొగ్గు బస్సుకు ఒక గుణం ఉంది. ఆగినప్పుడల్లా మంట మందగించి గ్యాసు పలచబడుతుంది. చదునులో అయితే ఎట్లాగో కదులుతుంది. ఎగువలో, అంటే మిట్ట ఎక్కేచోట, ఆగితే మళ్లీ మంటకు గాలి కొట్టే బ్లోయరు తిప్పాలి, జనం దిగి తొయ్యాలి. అట్లా తోసుకుంటూ పోయేసరికి రైలు వెళ్లిపోయేది.

ఫిర్యాదులు వెళ్లాయి. పర్మిట్లు చూసే అధికారి మామను పిలిపించాడు. వచ్చే నెల తానే బస్సులో వస్తాననీ, ఆ రోజు రైలు తప్పితే ఆ దారి ఇంకొకరికి ఇస్తాననీ చెప్పాడు. మామకు ఉన్నది ఆ ఒక్క బస్సే. సైకిళ్ల దుకాణం అప్పటికే అమ్మేశాడు.

ఏదైనా ఉపాయం ఉందేమో నన్ను చూడమన్నాడు. నేను దారంతా నడిచి రాళ్లను మూడు రకాలుగా విడదీశాను: చదునులో ఉన్నవి, దిగువలో ఉన్నవి, ఎగువలో ఉన్నవి. మొదటి రెండు రకాల జోలికి పోనక్కరలేదు. మూడో రకాన్ని మిట్ట దాటించి దిగువలోకి మారిస్తే చాలు, బస్సు తన బరువుతో తానే కదులుతుంది. తిరుగు ప్రయాణానికి మిట్టకు ఇవతల ఇంకో రాయి. ఊళ్లవాళ్లు కాస్త గొణిగినా ఒప్పుకున్నారు. నడక ఎక్కువవుతుందని ఒకరు, కొత్తచోట నీడ లేదని ఇంకొకరు.

ఒక్క రాయి దగ్గర పని ఆగింది. అది అన్నిటికన్నా పెద్ద మిట్ట ఎక్కడం మొదలయ్యే చోట ఉంది. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి ఉంది. విచారిస్తే తెలిసింది: బస్సు అక్కడ ఆగేది కాబట్టి మిట్ట ఎక్కలేకపోయేది. ఎక్కలేకపోతున్నదని జనం ఆ రాయికి మొక్కడం మొదలుపెట్టారు. అమ్మవారి ముందు ఆపకుండా పోతే ఏమవుతుందోనని, ఎక్కేవాళ్లు లేకపోయినా డ్రైవరు ఆపేవాడు.

రాయి తీయిద్దామంటే మామ తల అడ్డంగా ఊపాడు. "సాయిబు అమ్మవారిని పీకించినాడంటారు అల్లుడా. బస్సు పోతే పోయింది, నేను ఈ ఊర్లల్లో తిరగొద్దా?"

రోజూ అక్కడ చల్లకుండలతో ఎక్కే ఒక పెద్దమ్మ ఉంది. రాతికి మొదట పసుపు పూసింది ఆమేనని డ్రైవరు చెప్పాడు. నేను ఆమె దగ్గర కూర్చుని మంట, గ్యాసు, ఏటవాలు అన్నీ వివరించాను. ఆమె ఓపికగా విన్నది.

"అంటే అమ్మను తెచ్చి ఎగువలో నిలబెట్టినాం. మాదే తప్పు. అంతే కదా నువ్వు చెప్పేది?"

ఇంకేమైనా మాట్లాడితే చెడుతుందని తల ఊపాను.

"పీకేదేంది, ఇక్కడ సాగనంపి అవతలికి తెచ్చుకుంటాం. అయితే ఒకటి, దిగువ గదా అని ఆపీ ఆపనట్ల పోతే కుదరదు. కుండలెత్తుకొని నేను ఉరకలేను. నిలబెట్టి ఎక్కించుకోవాల."

డ్రైవరు ఒప్పుకున్నాడు. మంగళవారం డప్పులతో, వేపమండలతో ఊరు కదిలింది. అమ్మవారు నడిచి పోకూడదు, బస్సులోనే మిట్ట ఎక్కాలన్నారు. ముందు సీటు ఖాళీ చేసి, చీర పరిచి రాతిని కూర్చోబెట్టాం. మామ కొత్త తువ్వాలు కప్పుకుని బెల్లం తెచ్చి పంచాడు. టిక్కెట్టు అడగకుండా ముందు సీటు ఇచ్చింది ఈ అమ్మవారికి ఒక్కదానికేనని డ్రైవరు అంటే, నోరు మూసుకొని బ్లోయరు తిప్పమన్నాడు మామ. ఊరంతా వెనక నుంచి తోసింది.

అధికారి వచ్చిన రోజు మామ బస్సు ఎక్కలేదు. చూడలేనన్నాడు. స్టేషనులోనే ఉంటానన్నాడు. నేను డ్రైవరు పక్కన కూర్చుని దాటిన ప్రతి మిట్టనూ లెక్కపెట్టుకున్నాను. పెద్ద మిట్ట దగ్గర బస్సు ఆగకుండా, మూలుగుతూ, మనిషి నడకకన్నా నెమ్మదిగా పైకి చేరింది. అవతల దిగువలో, కొత్తచోట నిలబెట్టిన రాతి పక్కన, పెద్దమ్మ కుండలతో నిలబడి ఉంది. డ్రైవరు పూర్తిగా ఆపాడు. ఆమె తీరిగ్గా ఎక్కి, కుండలు సర్దుకుని, ఇక పోనీయమంది. బ్రేకు వదలగానే బస్సు తనంతట తానే జారింది.

అధికారి గడియారం చూసుకుని, ఆ ఒక్క రాతికే పసుపు ఎందుకని అడిగాడు. ఆ స్టాపు పాతది సార్ అన్నాడు డ్రైవరు.

మేము స్టేషను చేరేటప్పటికి సిగ్నలు పడింది గాని బండి ఇంకా రాలేదు. మామ ప్లాట్‌ఫారం చివర నిలబడి రైలు వచ్చే వైపు కాదు, రోడ్డు వైపు చూస్తున్నాడు. మూటలు దింపి, జనం టిక్కెట్లు కొనుక్కుని బండి ఎక్కారు. పర్మిటు కాగితం తన ఆఫీసుకు వచ్చి తీసుకోమని చెప్పి అధికారి కూడా ఆ బండిలోనే వెళ్లిపోయాడు. మామ ఎందుకో బస్సు చుట్టూ తిరిగి టైర్లన్నీ తట్టి చూశాడు.

సాయంకాలం తిరుగు బస్సులో ఆయనా ఎక్కాడు. ఊరు దాటగానే రాయి లేనిచోట ఎవరో చెయ్యి ఎత్తారు. డ్రైవరు నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను.

"ఆపు. ఈ పూట మనం అందుకోవాల్సిన రైలేం లేదు గదా."

ఆ పూట చెయ్యెత్తిన ప్రతిచోటా ఆపాం. ఒక ఎగువలో మామే దిగి తోశాడు.