కరెంటు లేనినాటి ఫైటింగ్

అందరు మంచిగున్నరా? ముసలోళ్ల మోకాళ్లు ఎట్లున్నయి? పిల్లల దగ్గు తగ్గిందా? దుబాయిల ఉన్నోళ్లు ఫోన్లు చేస్తున్నరా? బీపీ గోలీలు మరువకుండ్రి, నాకు అదో ఫికరు. నేనైతే మంచిగ లేను. మొన్న మంగళారం ఆదిలాబాద్ నుంచి ఫోనొచ్చింది. మా పక్కింటి అక్క పోయిందట, బిడ్డ దగ్గర ఉండంగనే.

తోడవుట్టలే గని అక్కనే. మా నేత వాడల మొట్టమొదలు వీసీఆర్ వచ్చింది ఆమె ఇంటికే, పెనిమిటి దుబాయి నుంచి తెచ్చిండు. పగటీలి అన్నాలు తిని ఆడోళ్లమంత ఆడనే కూసునేది. అక్కకు ఏడుపు సినిమాలు పడయి, నరుకుడు కొట్టుడే కావాలె. బొమ్మ గీతలు పడితే లోపట స్పిరిట్ గుడ్డతోని తుడిచి, మీదికెళ్లి ఒక్కటి చరిచేది. ఒక క్యాసెట్‌ల హీరో గొడ్డలి ఎత్తంగనే ఎవ్వలదో పెండ్లి వచ్చేది. అక్క తమ్ముడు దాని మీదనే రికార్డు చేసిండు. "విలన్ సచ్చిండో లేదో గని, లగ్గమైతే అయింది" అనేది అక్క. నాకైతే నిద్ర పట్టకపోయేది, గొడ్డలి దిగిందా లేదా అని.

మా ఇంట్ల బెల్టు దిగేది. బట్ట నేసే కరెంటు సాంచె మీద పోగు తెగినా, కూరల ఉప్పు తక్కువైనా మా ఇంటాయన కొట్టేటోడు. బెల్టు కొక్కెం తగిలి నెత్తురు కారి జాకెటు తడిసేది. వాడంత సాంచెల దడదడలే, నా ఏడుపు ఎవ్వలకు ఇనరాకపోయేది. ఇనొచ్చినా "అక్క ఇంట్ల ఫైటింగ్ నడుస్తుంది" అనుకునేటోళ్లు. సిగ్గుకు నేను గూడ అట్లనే అనుకోనిచ్చిన.

ఒకనాడు పగటీలి కరెంటు పోయింది. సాంచెలు ఆగినయి, వీడియో ఆగింది. ఆయన ఆగలే. జుట్టు పట్టి గోడకు కొట్టిండు, రెండు పండ్లు ఊడినయి. అక్క రోకలి పట్టుకొని తలుపు తన్నుకుంట వచ్చింది.

"కరెంటు లేదు మరిదీ, గీ ఫైటింగ్ ఏ క్యాసెట్‌లది?"

"నడుమల నువ్వెవ్వతివే?" అని ఆయన బెల్టు పారేసి కట్టె అందుకున్నడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు ఇరిగిన చప్పుడు నేను ఇన్న. రెండో చేతితోని రోకలి తిప్పి ఆయన మోకాలు మీద ఏసింది. కూలబడ్డడు. వాకిట్ల వాడంత నిలబడ్డది.

"చూడుండ్రి, గీసారి పెండ్లి అడ్డం రాలే" అన్నది అక్క, చెయ్యి వేలాడుతుంటే.

ఆయన మల్ల చెయ్యెత్తలే. అక్క మణికట్టు ఒంకరగనే అతికింది. నేను ఇయ్యాల గీ నాలుగు ముక్కలు కూడబలుక్కొని రాస్తున్ననంటే గా ఒంకర చెయ్యి పున్నెమే.

ఆనాటి నుంచి కరెంటు పోతే చాలు, గోడ అవతలికెళ్లి అడిగేది: "చెల్లే, చప్పుడు లేదు గదా?" బిడ్డ దగ్గరికి పోయేటప్పుడు రోకలి నాకిచ్చి పోయింది. అప్పటికెళ్లి కరెంటు పోతే నేనే ఫోన్ చేసేది. అక్క అదే మాట అడిగేది.

"ఆయన పోయి ఏండ్లాయె గదనే అక్కా."

"ఏమో, మగోడు. రోకలైతే పారెయ్యకు."

నిన్న కరెంటు పోయింది. అలవాటుకు ఫోన్ కొట్టిన. అక్క బిడ్డ ఎత్తింది. ఎత్తంగనే తనే అడిగింది: "చిన్నమ్మా, చప్పుడు లేదు గదా?"

"లేదు బిడ్డా."

"సోమారం అవ్వ దినాలు. ఎప్పుడొస్తవు?"

ఆదివారం మొదటి బస్సుకే వస్తనన్న. రోకలి ఎంటతెస్తున్న. బస్సుల ఎవ్వలకు తగుల్తదో అని ఇప్పటికెళ్లే పరేషాన్.