మధ్య బాటిల్

వీధిలో అందరూ అతన్ని నీళ్ళ డాక్టరనేవారు. నీళ్ళ పరీక్షాశాలలో ఇరవై రెండేళ్ళుగా అతని పని ఒకటే. తాగే నీళ్ళలో సీసం ఎంతుందో చెప్పడం. లీటరుకు పది మైక్రోగ్రాములు దాటితే అది పసిపిల్లల బుర్రకి చేటు.

అతని యంత్రం పక్కన చిన్న పంపు ఉండేది. దాని చక్రాలు మెత్తని గొట్టాన్ని నొక్కుతూ తిరిగితే, సరిగ్గా ఒక నిమిషం పాటు నీళ్ళు వేలెడంత గాజు నాళంలోంచి పారేవి. సీసం నాళంలో చిక్కుకునేది. తర్వాత కాస్త ఆమ్లం దాన్ని కడిగి మంటలోకి తీసుకుపోయేది. యంత్రం పెన్ను గళ్ళ కాగితం మీద ఒక్కసారి లేచి దిగేది. ఆ శిఖరం ఎత్తే జవాబు. ఎత్తును అంకెగా మార్చేది, సీసం ఎంతుందో ముందే తెలిసిన బాటిళ్ళతో పొద్దున్నే గీసిన గీత.

గొట్టం సాయంత్రానికి సాగి నీరసించేది. నిమిషంలో పారే నీళ్ళు తగ్గేవి, శిఖరం కురచయ్యేది, గీత మాత్రం పొద్దుటిదే. అందుకని ప్రతి పది పరీక్షలకోసారి, ఆ తెలిసిన బాటిళ్ళలో లీటరుకు పది మైక్రోగ్రాములున్న మధ్య బాటిల్‌ని మళ్ళీ పెట్టి చూడాలి. శిఖరం ఎనిమిదో గడిని తాకకపోతే గొట్టం మార్చి, గీత కొత్తగా గీయాలి. ఆ నియమం గోడ మీద అతని చేతిరాతలోనే ఉండేది.

ఒకరోజు ఐదు కావస్తుండగా అక్క వచ్చింది. అక్కా బావా రెండేళ్ళ కూతురితో బ్యాటరీల కార్ఖానా దగ్గర ఇంట్లోకి మారారు. పెరట్లో బావి ఉంది.

"ఏరా డాక్టరూ, నా పేషెంటుని కూడా చూస్తావా?" అంటూ బాటిల్ బల్ల మీద పెట్టింది.

"వరసలో రావాలక్కా."

"పుట్టడమే నీకంటే ముందు పుట్టాను. ఇంకేం వరస?"

నవ్వాడు. అది నలభై ఒకటో బాటిల్. దానికి ముందు మధ్య బాటిల్ పెట్టాలి. శిఖరం తగ్గిందంటే ఇంకో ముప్పావు గంట. బయట బావ బండి హారన్ కొడుతున్నాడు. అతను అక్క బాటిల్‌నే పెట్టాడు.

"ఎనిమిది. పదిలోపే. నిక్షేపంగా తాగండి."

"మీ బావ నమ్మొద్దూ?"

"నేను చెప్పానని చెప్పు, చాలు."

మర్నాడు పొద్దున గొట్టం మార్చబోతూ, ఎందుకో ముందు మధ్య బాటిల్ పెట్టి చూశాడు. శిఖరం ఐదో గడి దాటి కాస్త పైకెళ్ళి దిగిపోయింది. పది ఉన్న బాటిల్‌ని గీత ఆరున్నరగా చూపుతోంది. అంటే అక్క బాటిల్‌లో ఉన్నది ఎనిమిది కాదు. పన్నెండు.

ఆదివారం వెళ్ళి ఇంకో బాటిల్ నీళ్ళు తెచ్చుకుందామనుకున్నాడు. వెళ్ళాడు కూడా. వాకిట్లో బావ ఎవరితోనో అంటున్నాడు: "మా బావమరిది స్వయంగా చూశాడండీ. ఈ నీళ్ళకి తిరుగులేదు." అతను ఖాళీ బాటిల్ సంచిలోంచి తీయకుండానే వెనక్కి తిరిగాడు. వచ్చే వారమనుకున్నాడు. నెల గడిచాక చెప్పడం ఇంకా కష్టమైంది, ఏడాది తర్వాత మరీను. నాలుగేళ్ళకు వీధిలోకి కుళాయి వచ్చి బావి మూసేస్తే, అతనికి ప్రాణం లేచి వచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు.

మేనకోడలికి పదేళ్ళు వచ్చాయి. లెక్క దగ్గర వేళ్ళు మడుస్తూ మధ్యలో దారి తప్పుతుంది. కారణం ఏదైనా కావచ్చన్నారు వైద్యులు. నీళ్ళ వల్లేనని అతనూ చెప్పలేడు. కాదనీ చెప్పలేడు.

ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి అక్కకు అంతా చెప్పాడు. ఆమె గిన్నె తుడుస్తూనే వింది.

"మీ బావకి భయపడ్డావా?"

"కాదక్కా. నేను చెప్పింది తప్పు అని నా నోటితో అనలేకపోయాను."

ఆమె గిన్నె బోర్లించింది.

"రెండు వీధుల అవతల బోరింగుండేదిరా. బిందెతో మోసుకొచ్చేదాన్ని. నా చేతులేమన్నా పడిపోయాయా?"

ముందు గదిలో పిల్ల పైకి లెక్కపెడుతోంది.

"వెళ్ళి దాని పక్కన కూర్చో," అంది అక్క, అటు తిరిగి. "తొందరపెట్టకు."

వెళ్ళి కూర్చున్నాడు. పిల్ల ఏడు దాకా వచ్చి ఆగింది. మడిచిన వేళ్ళవంక చూసుకుంది. అతను అందించలేదు.

"మామయ్యా, మళ్ళీ మొదట్నించి చెయ్యనా?"

"చెయ్యమ్మా."

పిల్ల వేళ్ళన్నీ తెరిచి, ఒకటి అంది.