దారానికి ఎనిమిదో ముడి

ఆ రోజుల్లో నా కోపానికి ఒకటే కొలత ఉండేది, మిల్లీమీటరు. గోడ ఐదు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ముక్కు ఎర్రబడేది, పది జరిగితే రాత్రి అన్నం మానేసేదాన్ని. (ఆ గోడ మా ఇంటిది కాదు, కంప్యూటర్‌లోది. ఈ సంగతి మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు.) డిప్లొమా అయ్యాక ఆరు నెలలు బిమ్ నేర్చుకున్నాను. బిమ్ అంటే, కట్టబోయే ఇంటిని ముందే కంప్యూటర్‌లో కట్టేసి, ఏ గోడ ఎంత మందం, ఏ పైపు ఎక్కడ మలుపు తిరుగుతుంది, ఎన్ని ఇటుకలు పడతాయి అన్న సమాచారమంతా దానికే తగిలించి పెట్టడం. మాకు నేర్పిన సారు ఆ ఆరు నెలలూ ఒక విమానాశ్రయం మోడల్ మీదే పాఠాలు చెప్పాడు. మాలో విమానం ఎక్కినవాళ్లే లేరు, రేపు మేం కట్టబోయేవన్నీ నూట ఇరవై గజాల ఇళ్లు. ఆ సారు మీద నాకు ఇప్పటికీ కోపమే. వెయ్యి మంది నడిచే హాలుకు కప్పు ఎలా వేయాలో చెప్పాడు గానీ, ఇంటి ముందు రోడ్డును ఒకసారి చూసి రండమ్మా అని చెప్పలేదు.

మా మేనమామ చాంద్రాయణగుట్టలో చిన్న కాంట్రాక్టరు. చాయ్ హోటల్ మీద ఒక గది, అందులో రెండు బల్లలు, అదే ఆఫీసు. నా సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ "మా పిల్ల కంప్యూటర్ల ఇల్లు గడ్తది, అండ్ల తిరిగి సూడొచ్చు" అని చెప్పేవాడు. అలా చెప్పగా చెప్పగా ఒక సేఠ్ దొరికాడు. పత్తర్‌గట్టిలో తాతల నాటి బట్టల దుకాణం ఆయనది. మా ఆఫీసుకు దగ్గర్లోనే ఒక గల్లీలో కింద గోదాం, పైన ఇల్లు కట్టించాలనుకున్నాడు. మనిషి మెత్తన, మాట తక్కువ. ఆయన అడిగింది ఒక్కటే. "బిడ్డా, కిరాయి గోదాంల రెండుసార్లు వాన నీళ్లొచ్చి తాన్లన్నీ నానిపోయినయ్. ఎండేస్తే మరకలు పోలే. మా బాపు పేరు మీద నడిచే దుకాణం, మరకల బట్ట అమ్మినమన్న మాట రావద్దు. గీ గోదాంల నీళ్లు రావద్దు, గంతే."

"రావు సేఠ్, నాది జిమ్మా" అన్నాను. ఇరవై రెండేళ్ల వయసులో ఎవరికైనా, దేనికైనా పూచీ పడొచ్చు.

మూడు వారాలు కూర్చుని మోడల్ తయారు చేశాను. లాప్‌టాప్ ఫ్యాను చేసే చప్పుడుకు కింద హోటల్ అతను పైకొచ్చి "మిక్సీ బంద్ చెయ్యున్రి" అనేవాడు. పై అంతస్తు బాత్రూం పైపు దూలంలోంచి దూరిపోతుందని మోడలే పట్టిచ్చింది. ఆ రోజు మామ గల్లీ అంతా మిఠాయి పంచాడు. గోదాం నేల రోడ్డుకు ఒకటిన్నర ఫీటు ఎత్తున పెట్టాను. అంతే ఎందుకంటే, సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న నమూనాలో అంతే ఉంది కనుక. దానికి ముందు ఒక చక్కని ర్యాంపు. తోపుడుబండి మూటలతో రోడ్డు మీది నుంచి సాఫీగా గోదాంలోకి వెళ్లిపోతున్నట్టు వీడియో కూడా చేశాను. సేఠ్ ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు. ఐదోసారి తన ఫోన్‌లోకి పంపించుకున్నాడు.

పునాది లేచాక సైటుకు వెళ్లాను. చూద్దును గదా, రాతికట్టు నా నడుం దాటి ఉంది! టేపు పెట్టి కొలిస్తే రోడ్డుకు మూడున్నర ఫీట్లు. మిల్లీమీటర్ల మనిషిని నేను, రెండు ఫీట్లు తేడా వస్తే ఏమైపోవాలి? కట్టింది దారం మేస్త్రీ. అరవై దగ్గరపడిన మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దారం ఉండ ఉంటుంది కనుక అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. నేను గల్లీ అదిరేలా అరిచాను.

"మేస్త్రీ, గిదేంది? నేనిచ్చిన కాగితం ఏడబెట్టినవ్? ఒకటిన్నర ఫీటని రాసిన గదా!"

"సూసిన బిడ్డా. తక్కువ రాసినవ్, నేను సరిజేసిన."

"సరిజేసుడేంది? రోడ్డు కొలిచి పెట్టిన నేను."

"ఎప్పటి రోడ్డు?"

"ఎప్పటిదేంది, ఇయ్యాల్టిదే!"

ఆయన నన్ను పక్కింటి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ఇంట్లోకి రెండు మెట్లు దిగి వెళ్లాలి. "గీ ఇల్లు మా బాపు గట్టిండు. గప్పుడు మూడు మెట్లెక్కి పోతుండిరి" అన్నాడు. ఇంటి మూలరాయి మీద ఉలితో కొట్టిన ఒక గీత చూపించాడు. వాళ్ల బాపు ఛాతీ ఎత్తున కొట్టిన గీతట. ఇప్పుడు మేస్త్రీ మోకాలి దగ్గర ఉంది. జేబులోంచి దారం తీసి, ఒక కొస ఆ గీత మీద అదిమిపెట్టి కిందికి వదిలాడు. దారానికి ఆరు ముడులున్నాయి. "రోడ్డేసినప్పుడల్లా గీత కాడికెల్లి కొలిచి ముడేస్త. అన్నిటికంటె కిందిది మా బాపు ఏసింది. పాత రోడ్డు గీకరు బిడ్డా, దాని మీదనే ఏసి పోతరు. ఏసినప్పుడల్లా అర ఫీటు. ఇయ్యాల్టి రోడ్డుకు కడ్తే ఇల్లు ఇయ్యాల్టికే పనికొస్తది."

ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఒక్కటి పీకాలనిపిస్తుంది. సమాచారంతో ఇల్లు కట్టడం నేర్చుకున్నానని చెప్పుకు తిరిగేదాన్ని, ఆ గల్లీకి సంబంధించిన మొత్తం సమాచారం ఒక ముసలాయన నా కళ్ల ముందు వేలాడదీస్తే, నేను చూసింది దారానికి పట్టిన మురికి. "దారాలతోని ఇండ్లు కట్టే రోజులు పోయినయ్ మేస్త్రీ" అన్నాను. అని ఊరుకున్నానా? తిన్నగా మామ దగ్గరికి వెళ్లి లొల్లి పెట్టాను. మోడల్ ప్రకారం కట్టకపోతే రేపటి నుంచి రానన్నాను. మామ పాపం గోడ మీది ఫ్రేము వైపు చూశాడు, నా వైపు చూశాడు, సేఠ్‌ను అడుగుదామన్నాడు. సేఠ్ ఫోన్ తీసి వీడియో చూశాడు. నేల మూడున్నర ఫీట్లకు లేస్తే ర్యాంపు రోడ్డు సగం దాకా వస్తుంది, అంటే ర్యాంపు ఉండదు, మెట్లే. బండి సాఫీగా లోపలికి వెళ్లడం ఆయన కళ్లలో నిండిపోయింది. "బిడ్డ చెప్పినట్టే చెయ్యున్రి" అన్నాడు.

దారం మేస్త్రీ రెండు ఫీట్ల రాతికట్టు తన చేతులతోనే ఊడదీశాడు. ఆ రెండు రోజులూ నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను, గెలిచిన మొహంతో. (ఆ కుర్చీ కూడా ఆయనే తెచ్చి వేశాడు.)

ఇల్లు పూర్తవుతుండగా రోడ్డు వేసేవాళ్లు వచ్చారు. గీకలేదు, తవ్వలేదు. పాత రోడ్డు మీద కంకర కాంక్రీటు అర ఫీటు పోసి, మూడు రోజుల్లో వెళ్లిపోయారు. నా ర్యాంపులో కింది భాగం రోడ్డులో కలిసిపోయింది. ఒకటిన్నర ఫీటు కాస్తా ఒకటైంది, మేస్త్రీ దారానికి ఏడో ముడి పడింది. నేను ఆ కాంక్రీటు లారీకి అడ్డం నిలబడి "పాతది గీకకుంట ఎట్లేస్తరన్నా?" అని అరిస్తే, డ్రైవరు "నాకేమెరుక అక్కా, పొయ్యమన్నరు పోసిన" అన్నాడు. వారం తిరిగేసరికి వానలు. శుక్రవారం పూజ పెట్టుకుని సేఠ్ ముందు రోజే ఇరవై మూటలు తెచ్చి గోదాంలో దింపించాడు. పొద్దున నేను వెళ్లేసరికి గల్లీలో మోకాలి లోతు నీళ్లు. నా ర్యాంపు మీదుగా, వీడియోలో బండి వెళ్లినంత సాఫీగా, నీళ్లు గోదాంలోకి వెళ్తున్నాయి.

సేఠ్ గుమ్మంలో పాంటు మడుచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వెనక నుంచి లోపలికి తొంగిచూడడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి చూశాను. ఇరవై మూటలూ సెంట్రింగ్ చెక్కల మీద, ఆ చెక్కలు డ్రమ్ముల మీద, నేలకు రెండు ఫీట్ల పైన, నీళ్లకు అందకుండా పొడిగా కూర్చున్నాయి. నేల మూడున్నర ఫీట్ల ఎత్తున ఉంటే మూటలు ఎక్కడ ఉండేవో సరిగ్గా అక్కడ! మేస్త్రీ ముందురోజు సాయంత్రం మబ్బు చూసి, ఎవరికీ చెప్పకుండా ఎక్కించి వెళ్లాడట.

నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి అరవడం నాకు వచ్చు. సేఠ్ మాత్రం "జిమ్మా అన్నవు గద బిడ్డా" అన్నాడు, అంతే. నేను ఆ నీళ్లలోనే నిలబడి ఏడ్చాను. మేస్త్రీ వచ్చి "ఫికర్ జెయ్యకు. గోదాం కప్పు ఎత్తుగనే ఉన్నది, లోపల రెండు ఫీట్లు మట్టి నింపుదం. నీ కంప్యూటర్ల గూడ నింపు" అన్నాడు. నింపాం. ర్యాంపు పోయి ఆరు మెట్లు వచ్చాయి, పైన వేయాలనుకున్న అటక తలకు తగులుతుందని మానేశాం. అటక లేని లోటు సేఠ్ ఇప్పటికీ నాకు చెప్తూనే ఉంటాడు. మూటలు మోసే హమాలీలు మెట్లెక్కుతూ ఏమంటారో నేను అడగలేదు.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసు ఉంది. కొత్తగా చేరిన పిల్లలు మోడల్ మొదలుపెడితే నేను వేయించే మొదటి గీత పునాదిది కాదు, ఇంకా వేయని రోడ్డుది. అది ఇవాళ్టి రోడ్డుకు రెండు ఫీట్ల పైన ఉంటుంది, దాని పేరు దారం మేస్త్రీ. ఆ పేరేంటి మేడమ్ అని నవ్వితే నాకు కోపం వస్తుంది, ఈ కథ చెప్పాల్సి వస్తుంది కనుక.

మొన్న ఆ గల్లీలో మళ్లీ రోడ్డు వేశారు. మళ్లీ గీకలేదు. కబురు తెలిసి, మేస్త్రీని బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. సేఠ్ గోదాం మెట్లు ఐదు మిగిలాయి. మూలరాయి మీది గీత చీలమండ పైకి వచ్చింది. మేస్త్రీ దారం నా చేతిలో పెట్టి "నువ్వే కూసో, నా మోకాళ్లు వంగుతలెవ్వు" అన్నాడు. రోడ్డు మీద గొంతుకూర్చుని, కొస గీత మీద అదిమిపెట్టి, రోడ్డు వేసినవాళ్లను వాళ్ల ఏడు తరాలతో కలిపి తిట్టాను.

"జర్ర ఆగు బిడ్డా" అన్నాడాయన, "కోపంల ముడి వదులైతది."

"కాదు కాకా, కోపంలనే గట్టిగ పడ్తది" అని, రోడ్డు తగిలిన చోట ఎనిమిదో ముడి వేశాను. ఆయన ఒకసారి లాగి చూసి, నా జేబు వైపు చెయ్యి చూపించాడు. దారం జేబులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చేశాను. కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఎన్ని మిల్లీమీటర్లో కొలవనే లేదు. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల చూసి ఉంటే నా మీద ఎంత అరిచేదో.